మిస్ట్రల్: ఒక మనిషి చేతిరాత ప్రపంచానికి ఫాంట్‌గా మారిన కథ

మిస్ట్రల్ అనేది రోమన్ లిపి కోసం, అంటే ఇంగ్లిష్, ఫ్రెంచ్ లాంటి భాషల కోసం తయారైన చేతిరాత తరహా ఫాంట్. ఫ్రాన్స్‌కు చెందిన రోజర్ ఎక్స్‌కోఫాన్ తన సొంత రాతను ఆధారం చేసుకుని దీన్ని గీశారు. మార్సెయ్ నగరంలోని ఆలివ్ ఫౌండ్రీ 1953లో విడుదల చేసింది. తర్వాత ఇది మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో పాటు లక్షల కంప్యూటర్లలోకి వచ్చి చేరింది. షాదీ కార్డు మీదో, బేకరీ డబ్బా మీదో, బ్యూటీ పార్లర్ బోర్డు మీదో చాలామంది దీన్ని చూసే ఉంటారు. పేరు మాత్రం తెలిసి ఉండదు.

పెద్ద అక్షరాల్లో, తక్కువ మాటలకు వాడే ఫాంట్లను డిస్‌ప్లే ఫాంట్లు అంటారు. పుస్తకం మొత్తం అచ్చు వేయడానికి అవి పనికిరావు. శీర్షిక, బోర్డు, పోస్టర్, కార్డు మీద పేరు, ఇవే వాటి చోట్లు. మిస్ట్రల్ ఈ కోవలోదే.

ఒక్క చూపులో

పేరు: మిస్ట్రల్
రూపకర్త: రోజర్ ఎక్స్‌కోఫాన్ (1910–1983)
మొదట పోతపోసింది: ఆలివ్ ఫౌండ్రీ, మార్సెయ్, ఫ్రాన్స్
విడుదల: 1953
తరహా: ఒకదానితో ఒకటి కలిసే అక్షరాలున్న సాదా చేతిరాత
సరైన వాడకం: శీర్షికలు, బోర్డులు, పోస్టర్లు, కార్డులు
సరిపోని వాడకం: పేరాలు, ఫారాలు, అడ్రసులు, మొత్తం పెద్దబడి అక్షరాలతో రాసే మాటలు

పేరు ఎక్కడిది?

ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ మీదుగా మధ్యధరా సముద్రం వైపు వీచే చల్లని, పొడి గాలిని మిస్ట్రల్ అంటారు. ఒకసారి మొదలైతే రోజుల తరబడి వదలదు. మార్సెయ్ ఆ గాలి తగిలే ఊరు. ఎక్స్‌కోఫాన్ పుట్టింది అక్కడే, ఫౌండ్రీ ఉన్నదీ అక్కడే. వేగంగా రాసినట్టు కుడివైపు పరుగెత్తే ఈ అక్షరాలకు ఆ గాలి పేరు పెట్టారు.

లా చదివి అక్షరాల వైపు

ఎక్స్‌కోఫాన్ 1910లో మార్సెయ్‌లో పుట్టారు. ఎక్స్-అన్-ప్రోవాన్స్‌లో లా చదివారు. మనసు మాత్రం బొమ్మల మీద ఉండేది. చదువు తర్వాత ప్యారిస్ వెళ్లి చిత్రకళ వైపు మళ్లారు. ఆలివ్ ఫౌండ్రీ యజమాని మార్సెల్ ఆలివ్ ఆయనకు దగ్గరి చుట్టం. ఆ చుట్టరికంతోనే అచ్చు అక్షరాల వ్యాపారంలోకి వచ్చారు. 1947లో సొంత ప్రకటనల సంస్థ పెట్టుకుని, దానితో పాటే ఆలివ్ ఫౌండ్రీకి డిజైన్ పనులు చూసేవారు.

ఆలివ్ చిన్న సంస్థ. ఫ్రాన్స్‌లో అప్పటికే డెబర్నీ అండ్ పెన్యో అనే పెద్ద ఫౌండ్రీ ఉంది. పుస్తకాల అచ్చుకు కావలసిన టైపుల్లో దాన్ని ఢీకొనడం తేలిక కాదు. అందుకే ఆలివ్ ప్రకటనల మార్కెట్ మీద కన్నేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి దుకాణాలు, సినిమాలు, ప్రయాణాలు మళ్లీ పుంజుకుంటున్న రోజులవి. ప్రకటన వేసేవాళ్లకు చూడగానే కంటికి తగిలే అక్షరం కావాలి. పుస్తకపు అక్షరం ఆ పని చేయదు. ఆ ఖాళీని పూరించేది తామే కావాలని ఆలివ్ అనుకుంది. ఎక్స్‌కోఫాన్ 1945లో షాంబోర్, 1951లో బాంకో గీశారు. 1953లో మిస్ట్రల్ వచ్చింది.

సీసంతో చేతిరాత ఎందుకు కష్టం?

ఇప్పుడు కంప్యూటర్‌లో ఫాంట్ మార్చడం రెండు క్లిక్కుల పని. 1953లో అలా కాదు. అక్షరం అంటే చేతికి తగిలే లోహపు ముక్క. సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసేవారు. ముక్క పైన అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగేసి, ఉబ్బెత్తుగా ఉంటుంది. కంపోజిటర్ ఒక్కో ముక్కను ఏరి, వరుసగా పేర్చి, సిరా పూసి, కాగితం మీద ఒత్తేవాడు.

ఇందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది, ప్రతి ముక్కా నలుచదరంగా ఉంటుంది. మనిషి రాత నలుచదరంగా ఉండదు. ఒక అక్షరం తోక పక్క అక్షరం కిందకు పోతుంది. లోహంలో అలా చేయాలంటే ఆ తోకను ముక్క అంచు దాటించి బయటకు పొడుచుకొచ్చేలా పోయాలి. ఆ పొడుచుకొచ్చిన భాగం కింద ఆధారం ఉండదు కాబట్టి ఒత్తిడికి పుటుక్కున విరుగుతుంది. బాగా వాలుగా ఉండే పాత తరహా అలంకార రాతలకు ఈ బెడద మరీ ఎక్కువ.

రెండోది, కలయిక. చేతితో రాసేటప్పుడు పెన్ను ఎత్తకుండా పక్క అక్షరంలోకి వెళ్లిపోతాం. పక్కన ఏ అక్షరం వస్తుందో చేతికి ముందే తెలుసు. సీసపు ముక్కకు అది తెలియదు. ఇంగ్లిష్‌లో చిన్నబడి అక్షరాలు 26. ఏ అక్షరం పక్కన ఏదైనా రావచ్చు. అంటే 26ను 26తో గుణిస్తే 676 జతలు. ఈ అన్ని జతల్లోనూ గీత తెగకుండా కలవాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా కాగితం మీద తెల్లని గాటు కనిపిస్తుంది.

మూడోది, డబ్బు. ప్రెస్ యజమాని టైపును బరువు మీద కొనేవాడు. ఒక సైజు కొంటే సరిపోదు, పోస్టర్‌కు ఒకటి, కార్డుకు ఒకటి వేరువేరుగా కావాలి. కొన్న టైపు పెట్టెలో పడి ఉంటే పెట్టుబడి మొత్తం అక్కడే ఇరుక్కుపోయినట్టు. ఫౌండ్రీకి కూడా అంతే. ప్రతి సైజుకూ, ప్రతి అక్షరానికీ అచ్చు తయారుచేయాలి. అమ్ముడుపోకపోతే పెట్టిన ఖర్చు తిరిగి రాదు. చిన్న ఫౌండ్రీ ఇలాంటి ప్రయోగానికి దిగడం అంటే చిన్న సాహసం కాదు.

ఎక్స్‌కోఫాన్ ఏం చేశారు?

ఆయన పట్టుకున్న కిటుకు చెప్పడానికి సులువే. ప్రతి చిన్నబడి అక్షరమూ ముక్క అంచు దగ్గర దాదాపు ఒకే ఎత్తులో ముగియాలి. తర్వాతి అక్షరం అదే ఎత్తులో మొదలవ్వాలి. రైలు పెట్టెల కప్లింగ్ లాంటిదే ఇది. కప్లింగ్ ఎత్తు ఒక్కటే అయినప్పుడు ఏ పెట్టె పక్కన ఏ పెట్టెనైనా తగిలించవచ్చు. 676 జతలను విడివిడిగా గీయక్కర్లేదు.

అయితే ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. అన్ని అక్షరాలూ ఒకే చోట కలిస్తే రాత స్కూల్ కాపీ పుస్తకంలా, ప్రాణం లేనట్టు తయారవుతుంది. ఎక్స్‌కోఫాన్ కలిసే చోటును మాత్రమే కట్టుదిట్టం చేసి, మధ్యలో అక్షరాన్ని స్వేచ్ఛగా వదిలారు. కొన్ని అక్షరాలు కాస్త పైకి లేస్తాయి, కొన్ని కిందకు జారతాయి. గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా, సిరా ముంచిన కుంచెతో గీసినట్టు ఉంటుంది. వాలు కూడా తక్కువ. కాబట్టి నలుచదరపు ముక్కలో అక్షరం ఇమిడింది, విరిగే తోకల బెడద తగ్గింది.

సీసపు టైపుల కాలంలో వచ్చిన కలిసిపోయే రాతల్లో ఇంత సహజంగా కుదిరినవి అరుదు అని టైపోగ్రఫీ తెలిసినవాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆమ్‌స్టర్‌డామ్ టైప్ ఫౌండ్రీ 1955లో దీన్ని తానూ విడుదల చేయడంతో ఫ్రాన్స్ బయట కూడా దొరకడం మొదలైంది.

ఉర్దూ చదివేవారికి ఈ సమస్య కొత్త కాదు

అక్షరాలు కలిపి అచ్చు వేయడం ఎంత కష్టమో ఉర్దూ కాతిబ్‌ల ఇళ్లలో పెరిగినవారికి వేరే చెప్పక్కర్లేదు. ఉర్దూలో కలిపి రాయడం లిపిలోనే ఉంది, అది అలంకారం కోసం చేసేది కాదు. చాలా అక్షరాలకు విడిగా ఒక రూపం, మాట మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఉంటాయి. పైగా నస్తాలీక్ రాతలో మాట కుడివైపు పైనుంచి మొదలై ఎడమకు వాలుగా దిగుతుంది. మాట ఎంత పొడవుంటే మొదటి అక్షరం అంత ఎత్తులో కూర్చుంటుంది. అంటే మిస్ట్రల్‌లో పనిచేసిన ‘అందరికీ ఒకే ఎత్తు’ కిటుకు నస్తాలీక్‌లో అసలు పనిచేయదు.

అందుకే ఉర్దూ పత్రికలు చాలా ఏళ్లు కాతిబ్‌ల చేతిరాత మీదే నడిచాయి. కాతిబ్ రాసిన పేజీని అలాగే అచ్చు వేసేవారు. చెన్నైలో 1927లో మొదలైన ‘ది ముసల్మాన్’ దినపత్రిక, మిగతా పత్రికలు కంప్యూటర్‌కు మారిపోయాక కూడా చేతిరాతతో వచ్చి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

నస్తాలీక్‌కు యంత్రం దారి 1981లో దొరికింది. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ సంస్థతో కలిసి నూరీ నస్తాలీక్ తయారుచేశారు. ఆయన అక్షరాలను విడివిడిగా కలపడం మానేసి, కలిసిన ముక్కలనే వేల సంఖ్యలో చేతితో రాసి యంత్రానికి ఇచ్చారు. తర్వాత 1994లో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో ఉర్దూ డీటీపీ ఊరూరా పాకింది.

ఈ రెండు కథల్లోనూ యంత్రం లోపల ఉన్నది ఒక మనిషి చెయ్యే. ఎక్స్‌కోఫాన్ రాత కొన్ని పదుల అక్షరాల్లో సరిపోయింది. జమీల్ రాతకు వేల ముక్కలు కావలసి వచ్చాయి. ఇందులో ప్రతిభ ఎక్కువ తక్కువల మాట లేదు, తేడా లిపిది. ఇంకో తేడా కూడా ఉంది. ప్రకటనల కోసం వచ్చిన మిస్ట్రల్ బోర్డులు రాసేవారి పనిలో కొంత తీసుకుంది. ఉర్దూ కంప్యూటర్ మాత్రం పత్రికాఫీసుల్లో కాతిబ్ కుర్చీనే ఖాళీ చేయించింది. ఆ చేతులకు తర్వాత మిగిలింది ఎక్కువగా షాదీ కార్డులు, తుగ్రాలు, బోర్డుల పని. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో కార్డుల ప్రెస్సుల మధ్య ఖత్తాతీ చేసేవారు కనిపించడం వెనుక ఈ చరిత్ర కూడా ఉంది.

మిస్ట్రల్ తోబుట్టువులు

మిస్ట్రల్ తర్వాత కూడా ఎక్స్‌కోఫాన్ ఆగలేదు. 1955లో షోక్ వచ్చింది. లావు కుంచెతో ఒక్క ఊపులో గీసినట్టుండే అక్షరాలు అవి. 1956లో డయాన్, ఇది మిస్ట్రల్‌కు పూర్తి భిన్నం, సన్నని గీతలతో, సున్నాలు చుట్టే లాంఛనపు రాత. 1958లో కాలిప్సో, చుక్కల నీడతో చుట్టిన కాగితంలా కనిపించే పెద్దబడి అక్షరాలు మాత్రమే. 1960ల్లో ఆంటిక్ ఆలివ్. అక్షరంలో పైసగమే కన్ను ఎక్కువగా చదువుతుందన్న ఆలోచనతో పైభాగాన్ని బలంగా గీసిన ఫాంట్ ఇది. ఎయిర్ ఫ్రాన్స్ విమానాల మీద 2009 వరకు కనిపించిన పేరు దీని రూపాంతరమే. 1968లో గ్రెనోబుల్‌లో జరిగిన శీతాకాల ఒలింపిక్స్ చిహ్నం కూడా ఎక్స్‌కోఫాన్ గీసిందే.

ఫ్రాన్స్ చిన్న పట్టణాల్లో బేకరీలు, సెలూన్లు, గ్యారేజీలు, హోటళ్ల బోర్డుల మీద బాంకో, మిస్ట్రల్, షోక్ ఎంతగా పాకాయంటే, 1950ల ఫ్రాన్స్ వీధి అనగానే ఆ అక్షరాలే గుర్తొచ్చే పరిస్థితి. ఫౌండ్రీ వేసిన లెక్క తప్పలేదు.

అయితే కాలం మారింది. సీసపు టైపు స్థానంలో ఫొటోటైప్ వచ్చింది. లోహం పోతపోసే ఫౌండ్రీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆలివ్ కూడా 1978లో స్విట్జర్లాండ్‌కు చెందిన హాస్ ఫౌండ్రీ చేతిలోకి వెళ్లింది. ఎక్స్‌కోఫాన్ 1983లో ప్యారిస్‌లో కన్నుమూశారు. తన రాత ప్రతి ఆఫీసు కంప్యూటర్‌లో ఉండే రోజును ఆయన చూడలేదు.

కంప్యూటర్‌లోకి వచ్చాక

మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ ప్యాకేజీతో మిస్ట్రల్‌ను ఇవ్వడం మొదలుపెట్టాక దీని దశ తిరిగింది. డబ్బు పెట్టి కొనే ఫాంట్ కాస్తా, లిస్టులో కనిపించే ‘ఎలాగూ ఉన్న’ ఫాంట్ అయ్యింది. దాంతో ప్రపంచమంతా మెనూ కార్డులు, కరపత్రాలు, షాపు బోర్డుల మీదకు ఎక్కింది. 2011లో వచ్చిన ‘డ్రైవ్’ అనే హాలీవుడ్ సినిమా టైటిళ్లు గులాబీ రంగు మిస్ట్రల్‌లో వేశారు. అంతవరకూ దీన్ని చౌకబారుగా చూసిన డిజైనర్లు మళ్లీ ఒకసారి తిరిగి చూశారు.

ఎక్కువగా వాడటంతో ఒక లోపం కూడా బయటపడింది. మనిషి ఒకే అక్షరాన్ని రెండుసార్లు రాస్తే రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. మిస్ట్రల్‌లో ఉంటాయి. ఒకే మాటలో రెండు ‘ఇ’లు పక్కపక్కన వస్తే, కవలల్లా కనిపించి, ఇది చేతిరాత కాదని చెప్పేస్తాయి. ఓపెన్‌టైప్ అనే కొత్త ఫాంట్ పద్ధతి వచ్చాక దీనికి మందు దొరికింది. ఒకే అక్షరానికి రెండు మూడు రూపాలు ఫాంట్‌లో పెట్టి, పక్కన ఏముందో చూసి సాఫ్ట్‌వేరే మార్చుకునేలా చేస్తున్నారు. ఈ మధ్య వచ్చే మంచి చేతిరాత ఫాంట్లు చాలావరకు ఇలా పనిచేసేవే.

మిస్ట్రల్‌కూ మిగతావాటికీ తేడా

చేతిరాత ఫాంట్లన్నీ ఒకటి కావు. అమెరికన్ టైప్ ఫౌండర్స్ 1942లో తెచ్చిన బ్రష్ స్క్రిప్ట్‌లో కూడా అక్షరాలు కలుస్తాయి, కానీ అది లావుగా, వాలుగా, బోర్డు పెయింటర్ రాసినట్టుంటుంది. 1994లో విన్సెంట్ కానేర్ గీసిన కామిక్ శాన్స్‌లో అక్షరాలు కలవవు, బొమ్మల పుస్తకాల్లో మాటల బుడగల్లో ఉండే రాత అది. పెళ్లి కార్డుల మీద సాధారణంగా కనిపించే మెలికల రాతలు లాంఛనపు కోవ. మిస్ట్రల్ వీటి మధ్యలో ఉంటుంది. తొందరలో రాసినా పొందికగా రాసే మనిషి చిట్టీ లాంటిది. ఫ్రాన్స్‌కు చెందిన మాక్సిమిలియన్ వోక్స్ 1954లో చేసిన టైపుల వర్గీకరణలో ఇలాంటి రాతలకు ‘స్క్రిప్ట్’ అని వేరే తరగతే పెట్టారు.

తెలుగులో ఇలాంటిది ఉందా?

మిస్ట్రల్‌లో తెలుగు, ఉర్దూ అక్షరాలు లేవు. తెలుగు టైపు చేసి ఈ ఫాంట్ ఎంచుకుంటే, కంప్యూటర్ చప్పుడు చేయకుండా వేరే తెలుగు ఫాంట్ వేసేస్తుంది. అది మిస్ట్రల్ అనుకుని మోసపోకూడదు.

తెలుగు రాతలో అక్షరాలు ఒకదానితో ఒకటి కలవవు. తలకట్టు పైన, వత్తు కిందో పక్కనో, గుణింతం పైనో పక్కనో చేరతాయి. కాబట్టి తెలుగు చేతిరాత ఫాంట్ అందం కలయికలో కాకుండా గీత లావుసన్నాల్లో, గుండ్రనాల్లో, వత్తుల పోకడలో ఉంటుంది. మనకు బాగా తెలిసిన ఉదాహరణ బాపు రాత. బొమ్మలకు, సినిమా టైటిళ్లకు బాపు (1933–2014) రాసిన అక్షరాల తీరు తర్వాత డీటీపీ ఫాంట్లుగా వచ్చి, తెలుగు శుభలేఖల మీద స్థిరపడింది. ఎక్స్‌కోఫాన్‌కు మిస్ట్రల్ ఎలాగో, తెలుగులో బాపు రాత అలాంటిది.

ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో లక్కిరెడ్డి అనే ఫాంట్ చేతిరాత తరహా, శీర్షికలకు, ఆహ్వానాలకు బాగుంటుంది. ఉర్దూకు నోటో నస్తాలీక్ ఉర్దూ కూడా అక్కడే దొరుకుతుంది.

కార్డు, బోర్డు చేయించే ముందు

మన ఇళ్లలో ఒక్క షాదీ కార్డు మీద మూడు లిపులు కనిపించడం మామూలే. పైన బిస్మిల్లా, ఉర్దూ మజ్మూన్, పక్కన ఇంగ్లిష్ పేర్లు, కింద తెలుగులో వివరాలు. ఇలాంటి కార్డులో చేతిరాత ఫాంట్ ఎక్కడ పెట్టాలన్నది అందం ప్రశ్న మాత్రమే కాదు. పేరు తప్పు చదివితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఫంక్షన్ హాల్ పేరు తప్పు చదివితే చుట్టాలు వేరే హాల్‌కు పోతారు. ఈ కొన్ని సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

1. దూల్హా, దుల్హన్ పేర్లకు, దుకాణం పేరుకు మిస్ట్రల్ లాంటిది బాగుంటుంది. తేదీ, టైమ్, హాల్ అడ్రసు, ఫోన్ నంబర్ మాత్రం సాదా ఫాంట్‌లోనే ఉండాలి.

2. మొత్తం పెద్దబడి అక్షరాలతో టైపు చేయకూడదు. మిస్ట్రల్ పెద్దబడి అక్షరాలు మాట మొదట్లో ఒక్కటి రావడానికే గీసినవి. వరుసగా పెడితే ఒకదానికొకటి సంబంధం లేనట్టు కనిపించి, చదవడం కష్టమవుతుంది.

3. అక్షరాల మధ్య దూరం పెంచకూడదు, తగ్గించకూడదు. పెంచితే కలిసే గీత తెగుతుంది. తగ్గిస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. ఎక్స్‌కోఫాన్ కష్టమంతా ఆ కలయికలోనే ఉంది. బాక్సులో పట్టలేదని అడ్డంగా సాగదీయడమూ అంతే.

4. చిన్న సైజులో వాడకూడదు. చిన్నబడి అక్షరాల ఒళ్లు ఈ ఫాంట్‌లో చిన్నదే. విజిటింగ్ కార్డు మీద అడ్రసుకు వాడితే చూపు తగ్గినవారు చదవలేరు.

5. ఎమ్, ఎన్, యు, ఐ అక్షరాలు పక్కపక్కన వచ్చే పేర్లలో జాగ్రత్త. మోమిన్, మునీర్, అమీన్ లాంటి పేర్లను కలిపిరాసే ఫాంట్‌లో వేస్తే నిలువు గీతలన్నీ ఒకేలా కనిపించవచ్చు. ఇంట్లో పేరు తెలియని ఒకరికి ప్రూఫ్ చూపించి చదివించడం మంచి పద్ధతి. తెలిసినవారు తప్పున్నా సరిగ్గానే చదివేస్తారు.

6. ఫ్లెక్సీ షాపుకు ఫైల్ పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చాలి, లేదా ఫాంట్ లోపల చేర్చిన పీడీఎఫ్ ఇవ్వాలి. లేదంటే వాళ్ల సిస్టమ్‌లో ఆ ఫాంట్ లేకపోతే వేరేది పడి, బోర్డు మొత్తం మారిపోతుంది.

లైసెన్స్ సంగతి

చిన్న వ్యాపారులు ఎక్కువగా పట్టించుకోని భాగం ఇది. ఫాంట్ ఫైల్ ఒక సాఫ్ట్‌వేర్. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు రక్షణ ఉంది. ఫాంట్ కంప్యూటర్‌లో కనిపిస్తోంది కదా అని దాన్ని పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసి పదిమందికి పంచడం, వెబ్‌సైట్‌లో పెట్టడం వేరు, దానితో డిజైన్ చేసి అచ్చు వేయడం వేరు.

సరైన లైసెన్స్‌తో కొన్న ఆఫీస్‌లో వచ్చిన ఫాంట్‌తో కార్డో, కరపత్రమో డిజైన్ చేసి అచ్చు వేయడాన్ని మైక్రోసాఫ్ట్ మామూలుగా అడ్డుకోదు. అయితే ఇంటి వాడకానికి, విద్యార్థులకు మాత్రమే అని అమ్మే ప్యాకేజీకి ఈ సడలింపు వర్తించదు. దొంగ కాపీ ఆఫీస్‌తో నడిచే షాపుకు అసలు హక్కే లేదు. ఇక బ్రాండ్ కోసం, యాప్ కోసం, వెబ్‌సైట్ కోసం అయితే ఫాంట్ అమ్మే సంస్థ దగ్గర విడిగా లైసెన్స్ తీసుకోవాలి.

ఖర్చు వద్దనుకుంటే ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చినవి ఎంచుకోవచ్చు. వాటిని వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఫాంట్ ఫైల్‌ను మాత్రమే విడిగా అమ్ముకోకూడదు. పైన చెప్పిన గూగుల్ తెలుగు, ఉర్దూ ఫాంట్లు ఈ లైసెన్స్‌లోనివే. కొత్తగా షాపు పెట్టేవాళ్లకు, డీటీపీ నేర్చుకునే పిల్లలకు ఇదే నిశ్చింత.

క్లుప్తంగా ప్రశ్నలు, జవాబులు

మిస్ట్రల్ పాతబడిపోయిందా?
డెబ్బై ఏళ్లు దాటింది. అయినా తక్కువ మాటలకు, సరైన సైజులో వాడితే ఇప్పటికీ నిలబడుతుంది. పాతగా కనిపించడానికి కారణం ఎక్కువసార్లు వాడకంలో తప్పే.

ఆహ్వానం మొత్తం దీనిలో వేయవచ్చా?
వద్దు. రెండు మూడు మాటలకు మించితే కన్ను అలసిపోతుంది.

ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్ మూడింటికీ ఒకే తరహా చేతిరాత ఫాంట్ దొరుకుతుందా?
ఒకే పేరుతో వెతకడం కన్నా, గీత లావు దగ్గరగా ఉన్న మూడు ఫాంట్లు ఎంచుకోవడం తేలిక. నస్తాలీక్‌కు కిందా పైనా చోటు ఎక్కువ కావాలి కాబట్టి దాని వరుసకు ఎక్కువ ఎత్తు వదలాలి.

ఫాంట్ ఉండగా ఖత్తాత్‌తో రాయించడం ఎందుకు?
ఫాంట్ అందరికీ ఒకే రాత ఇస్తుంది. ఖత్తాత్ ఆ ఇద్దరి పేర్లకు తగ్గట్టు గీతను మలుస్తాడు. కార్డులో మిగతాదంతా కంప్యూటర్‌తో చేయించి, పైన పేర్లు మాత్రం చేత్తో రాయించుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఖర్చు కొంచెం పెరుగుతుంది, ఒక చేతికి పని దొరుకుతుంది.